వెనకగోడ

మీ ఇంటి వెనకగోడ ఏ రంగులో వుంది?

తొందరపడకండి. నేనడిగింది వీధివైపు గోడ సంగతి కాదు. ఆ గోడ రంగు ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. ఆ రంగు తేల్చుకోవడానికి ఎన్నిరోజులు వాదులాడుకున్నారో, చివరికి ఎవరి మాట నెగ్గిందో కూడా గుర్తుంటుంది. నేనడుగుతున్నది వెనకాల, పక్కింటివాళ్ళ సందులోకి ముఖం పెట్టి నుంచున్న గోడ సంగతి.

తెలిసినవాళ్ళని నలుగుర్ని ఈ ప్రశ్నే అడిగి చూశాను. ఒకాయన "తెలుపే అయ్యుండాలి" అన్నారు. ఇంకొకాయన తమ ఇంటికి అసలు వెనకగోడంటూ వుందా అన్నట్టు ఆలోచనలో పడ్డారు. ఆయన శ్రీమతి లోపల్నించి, "ఎందుకు లేదండీ, దండెం కట్టింది దానికేగా!" అని అందించారు. రంగు మాత్రం ఆవిడా చెప్పలేదు.

ఎవరి వీపు వారికి కనపడదని సామెత. ఇంటికి కూడా వీపు వుంటుంది. లోపలి గోడలు మనకి బాగా తెలుసు. ఎక్కడ మేకు వుందో, ఎక్కడ పిల్లవాడు బొగ్గుతో అఆలు దిద్దాడో, తాతగారి పటం తీస్తే వెనకాల ఎంత మేర మాసిందో కళ్ళు మూసుకుని చెప్పగలం. బయటిగోడ అలా కాదు. ఎండ కాసేది దానిమీద, వాన కొట్టేది దానిమీద. చూసేవాళ్ళు మాత్రం దారినపోయేవాళ్ళు, పక్కింటివాళ్ళు. మన ఆస్తిలో మన కంటికి అతి తక్కువగా ఆనేది అదేనన్నమాట.

ఇక్కడే నాకొక ధర్మసందేహం వచ్చింది. కంటపడనిదాన్ని బాగుచెయ్యకపోతే తప్పెలా అవుతుంది? తెలిసి చెయ్యకపోతే కదా తప్పు! "నేను చూడలేదు, నాకు తెలియలేదు" అనేవాణ్ణి ఏమనగలం? సందేహం చిన్నదిగానే కనిపిస్తుంది. గోడ చుట్టూ ఒకసారి తిరిగొస్తే గాని దాని లోతు తెలియదు.

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. బయటిగోడ మీద శ్రద్ధ అనగానే మనవాళ్ళకి అదొక ఆర్భాటంగా తోస్తుంది. "పైన పటారం, లోన లొటారం" అని వెక్కిరించడం మనకి అలవాటు. మనిషి విషయంలో ఆ వెక్కిరింత చెల్లుతుందేమో గాని, ఇంటి విషయంలో చెల్లదు. ఇంటికి పైపూత సోకు కాదు, గొడుగు.

వెల్లవేయడమే తీసుకోండి. సంక్రాంతి ముందు ఇళ్ళకి వెల్లవేయించడం పండగ కళ కోసమేననుకుంటాం. కళ నిజమే. అయితే ఆ తెల్లదనం వెనక పెద్ద కథ వుంది. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలిస్తే, అందులోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి రాతిసున్నం మిగులుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. సున్నపు డ్రమ్ము దగ్గరికి వెళ్ళబోయిన పిల్లల్ని పెద్దవాళ్ళు రెక్కపట్టుకుని లాగింది అందుకే. ఆ సున్నం చల్లారాక పల్చగా కలిపి, పట్టు కోసం ఇంత జిగురో గంజో పోసి, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు వేసి గోడకి పూస్తారు. అప్పుడది బట్టీలో పోగొట్టుకున్న ఆ వాయువునే గాలిలోంచి మెల్లమెల్లగా పీల్చుకుని తిరిగి సున్నపురాయి అయిపోతుంది! అంటే ఏటా గోడకి వేసేది ఉత్త రంగు కాదు, కాగితమంత పల్చని రాతి పొర. వెంట్రుకవాసి పగుళ్ళని అది పూడుస్తుంది. దాని ఘాటుకి నాచూ బూజూ తొందరగా పట్టవు. జల్లు దెబ్బ ముందు తాను తింటుంది. పైగా గోడలోపలి చెమ్మని బయటికి పోనిస్తుంది.

గోడకి ఊపిరాడాలంటే అర్థం ఇదే. పాత మట్టిగోడకో, గానుగసున్నంతో కట్టిన గోడకో సిమెంటు మెత్తి, ఆపైన ప్లాస్టిక్ రంగు కొడితే చూడ్డానికి అద్దంలా వుంటుంది. కాని పునాదిలోంచి ఎగబాకిన చెమ్మకి బయటికి దారి వుండదు. లోపల్లోపలే నానుతుంది. కొన్నేళ్ళకి ఆ పూత అప్పడంలా ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. రాలింది రంగే గదా అని మళ్ళీ రంగే కొట్టిస్తాం.

పాతవాళ్ళు వాననీ గోడనీ వీలైనంతవరకు కలుసుకోనిచ్చేవారు కాదు. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం తీరాల చుట్టిళ్ళు చూడండి. గుండ్రటి మట్టిగోడ, దానిమీద దాదాపు నేలకి తగిలేటంత కిందికి దిగిన చూరు. లోపలికి వెళ్ళాలంటే వంగాల్సిందే. తుపాను గాలికి గుండ్రటి గోడమీద పట్టు దొరకదు, వానజల్లుకి చూరుకింది గోడ అందదు. పెంకుటిళ్ళకి చూరు బాగా ముందుకు వదిలేవారు. జల్లుకొట్టే వైపు మట్టిగోడకి వానలు రాకముందే తాటాకులు వరసగా కట్టేవారు. ఆ తాటాకులు ఎండకీ వానకీ చివికిపోయేవి, గోడ నిలిచేది. చివికిపోవడమే వాటి ఉద్యోగం! పోవలసింది పోయి వుండవలసింది వుండాలంటే, ఏటా ఎవరో ఒకరు చూసి మార్చాలి.

ఆ "ఏటా" అన్న మాటలోనే వుంది అసలు కిటుకు. సంక్రాంతికి వెల్ల అన్నప్పుడు, ఏడాదికోసారి ఒక మనిషి ఇంటి నాలుగువైపులా జానెడు జాగా వదలకుండా చెయ్యి ఆడించేవాడు. చెయ్యి ఆడినచోట కన్నూ ఆడుతుంది. "అమ్మా, ఈ మూల గోడ బీట వేసిందండీ" అని కుంచె పట్టినవాడే చెప్పేవాడు. తనిఖీ అని పేరు పెట్టకుండానే తనిఖీ జరిగిపోయేది. ఇప్పుడు ఏళ్ళతరబడి గ్యారంటీ వున్న రంగులు వచ్చాయి. రంగులు మంచివే. అయితే అన్నేళ్ళూ గోడవైపు చూడనక్కర్లేదని మనం దానికి అర్థం చెప్పుకున్నాం. గ్యారంటీ రంగుకి ఇచ్చారు గాని, గోడకి ఇవ్వలేదు.

సరే, చూడాలంటే ఏం చూడాలి? పెద్ద శాస్త్రం అక్కర్లేదు.

మొదట తలెత్తి పైకి చూడాలి. డాబామీద నీళ్ళు పోయే గొట్టం కింద గోడమీద నల్లటి చార వుందా? గొట్టం పొట్టిదై నీళ్ళు గోడని నాకుతూ దిగుతున్నాయన్నమాట. జానెడు గొట్టం అతికిస్తే పోయే జబ్బు అది. తరవాత పిట్టగోడ, సన్‌షేడ్ మొదలు. అక్కడ పక్షి రెట్టలో వచ్చిపడ్డ రావిగింజ మొలకెత్తి వుంటుంది. రెండాకుల రావిమొక్క చూడ్డానికి ముచ్చటేస్తుంది. దేవతావృక్షం గదా, పీకడానికి చాలామందికి చెయ్యి రాదు. కొందరు ఆకులు తుంచి ఊరుకుంటారు. ఆకులు తుంచితే వేరు ఊరుకోదు. లోపల లావెక్కి ఇటుకా ఇటుకా విడదీస్తుంది. చిన్నప్పుడే వేరుతో సహా తీసి ఏ చెరువుగట్టునో నాటితే పాపమూ రాదు, గోడా మిగులుతుంది.

తరవాత కిందికి చూడాలి. నేలనించి మోకాలెత్తు దాకా గోడమీద తెల్లటి పొడి పూసిందా? అది ఉప్పు. నేలలోని చెమ్మ గోడలోకి ఎగబాకి, ఆరిపోతూ ఆ ఉప్పుని వదిలిపెట్టింది. గోడకి ఆనించి పోసిన మట్టి, గోడ మొదట్లోనే పెట్టి రోజూ నీళ్ళు పోసే పూలమొక్కలు, వీటిని కాస్త దూరం జరపాలి.

ఇంక చేత్తో తట్టి చూడాలి. పుచ్చకాయ కొనేటప్పుడు ఎంత శ్రద్ధగా తడతాం! ఆ శ్రద్ధలో సగం గోడకి చాలు. గట్టిగా పలికితే సరే. డొల్లగా పలికితే పూత గోడని వదిలేసిందన్నమాట, ఏదో ఒకనాడు ఊడిపడుతుంది. చివరికి పగుళ్ళు. సన్నటివి పూత ఆరేటప్పుడు వచ్చినవి కావచ్చు. ఇటుక వరసల వెంట మెట్లుమెట్లుగా దిగే పగులు, రూపాయి బిళ్ళ అంచు దూరే పగులు, వీటి సంగతి వేరు. కింద పునాది కదులుతోందేమో. పగులుకి రెండు కొసలా పెన్సిలుతో గీతగీసి పక్కన తేదీ వెయ్యండి. కొన్నాళ్ళకి పగులు ఆ గీత దాటి పాకితే మాత్రం ఇంజనీరుకి కబురుపెట్టాలి.

మొత్తం ఖర్చు ఒక పెన్సిలు, ఒక ఆదివారం పూట.

ఇంత చవకబేరం మరి మనం ఎందుకు చెయ్యం? బద్ధకం అనుకుంటే పొరపాటే. వెనకగోడని చూడాలంటే పక్కింటివాళ్ళ స్థలంలోకి వెళ్ళాలి. అదీ చిక్కు! మామిడికొమ్మ దగ్గరో మురుగునీళ్ళ దగ్గరో మొదలైన తగువువల్ల వాళ్ళతో మాటలుండవు. "మా గోడ చూసుకోవాలి, ఒకసారి మీ దొడ్లోకి రావచ్చా?" అని అడగడానికి మొహం చెల్లదు. అడిగినా, "మీ పరంజా మా మల్లెపందిరి మీద వేస్తారా?" అంటారేమోనని భయం. అందుకే ఏ ఊరు వెళ్ళినా చూడండి, వీధిముఖం రంగురంగులుగా వున్న మేడకి పక్కముఖం ఒట్టి ఇటుకలతో, పూతైనా లేకుండా, అరవేసవిలో గొంగళీ కప్పుకున్నవాడిలా వుంటుంది.

ఇంకో బాధ వుంది. అవతలివాళ్ళకై వాళ్ళు చెప్పినా మనకి నచ్చదు. పక్కింటి కుర్రాడు గేటుదగ్గర నిలబడి, "బాబాయిగారూ, మీ గోడ మావైపు ఉబ్బి ముందుకొచ్చిందండీ" అంటాడు. "మా గోడ సంగతి మాకు తెలుసులేవోయ్" అంటాం. అనేసి లోపలికి వచ్చాక, తెలియదన్న సంగతి మనకి తెలుస్తూనే వుంటుంది. వాడు మన పరువు తీశాడనుకుంటాం గాని, మన వీపు మనకి చూపించాడనుకోం.

ఈ మాట చెప్పడం, వినకపోవడం మొన్నటి తగువు కాదు. ఇప్పటి ఇరాక్ దేశంలో పూర్వం ఎష్నున్నా అనే నగరరాజ్యం వుండేది. ఇంచుమించు 3,800 ఏళ్ళ కిందటి దాని ధర్మశాసనాలు మట్టిపలకల మీద దొరికాయి. వాటిలో గోడ గురించి ఒక సూత్రం వుంది. ఒకడి గోడ పడిపోయేలా వుందని అధికారులు ఆ ఇంటివాడికి తెలియజెప్పినా, వాడు దాన్ని గట్టిచేసుకోక, అది కూలి ఒక మనిషి చనిపోతే, అది ప్రాణానికి సంబంధించిన నేరం, దాన్ని రాజే విచారించాలి అని. చూశారా! గోడ పడినందుకు కాదు నేరం, చెప్పినా విననందుకు.

న్యూయార్కు నగరానికి ఈ బుద్ధి 1979లో వచ్చింది. ఒక భవనం పైనుంచి రాతిపెచ్చు ఊడిపడి కిందపోతున్న కాలేజీ విద్యార్థిని చనిపోయింది. ఆ పిల్లకీ ఆ భవనానికీ ఏ సంబంధమూ లేదు, ఆ దారిన నడిచింది, అంతే. మరుసటేడు 1980లో అక్కడ చట్టం చేశారు, ఆరంతస్తులు మించిన భవనాల బయటిగోడల్ని అయిదేళ్ళకోసారి నిపుణులచేత పరీక్ష చేయించాలని. కాని తమాషా ఏమంటే, ఆ చట్టం వీధివైపు గోడలకే! పక్కగోడలూ వెనకగోడలూ కూడా చూడాలని వాళ్ళకి 1998లో గాని తోచలేదు. వెనకగోడని మరిచిపోవడం మన ఒక్కరి జబ్బేం కాదు.

మన హైదరాబాదులో 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోతగా వాన కురిసింది. బండ్లగూడ ప్రాంతంలో ఒక ప్రహరీగోడ కూలి పక్కనున్న ఇళ్ళమీద పడింది. పలువురు చనిపోయారు, వాళ్ళలో పాలుతాగే పసిబిడ్డ కూడా వుంది. నిద్రపోయేటప్పుడు తలవైపు గోడ ఎవరిదో, దాని ఆరోగ్యం ఎలా వుందో ఎవరూ ఆలోచించరు. ఆలోచించనక్కర్లేకుండా నిద్రపోవడమే ఇల్లంటే.

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాం. లోపలి గోడ పెచ్చు ఊడితే మన కంచంలో పడుతుంది. బయటి పెచ్చు ఊడితే ఎవడి నెత్తినో పడుతుంది. మనకి కనపడనిది ఏదో, అవతలివాడికి అపాయం చేసేదీ సరిగ్గా అదే. అలాంటప్పుడు "నేను చూడలేదు" అన్న మాట సంజాయిషీ ఎలా అవుతుంది? అదే నేరారోపణ! తెలుగులో "కనపడలేదు" అనీ "చూడలేదు" అనీ రెండు మాటలున్నాయి. కనపడకపోవడం కంటి సంగతి. చూడకపోవడం మనిషి సంగతి. ఎష్నున్నావాళ్ళు చెప్పినా విననివాణ్ణి పట్టుకున్నారు. చెబుతారేమోనని చెవులు మూసుకునేవాడి సంగతి మాత్రం మనమే తేల్చాలి. వాడికి ఇంకాస్త ఎక్కువే పడాలని నా ఉద్దేశం.

మీరు వెంటనే ఒకమాట అడుగుతారు, నాకు తెలుసు. "చూడమంటారు, బాగానే వుంది. చూశాక బాగుచేయించడానికి డబ్బెవడిస్తాడండీ?" న్యాయమైన ప్రశ్నే. పింఛనుమీద బతికే ముసలిదంపతులున్నారు. వాళ్ళ అబ్బాయి ఏ దేశంలోనో వుంటాడు. గోడకి పరంజా కట్టించాలంటేనే వాళ్ళకి గుండె గుభేలుమంటుంది. అద్దెకున్నాయన "ఓనరుగారి గోడ, నాకెందుకు" అంటాడు. ఓనరుగారు "నేనక్కడ వుండను కదా" అంటారు. అపార్టుమెంట్లలో బయటిగోడ అందరిదీ, కనక ఎవరిదీ కాదు. మీటింగుల్లో లిఫ్టు గురించి, వాచ్‌మన్ జీతం గురించి అర్ధరాత్రిదాకా మాట్లాడతారు. గోడ ఊసు వచ్చేసరికి టీలు చల్లారిపోతాయి.

దీనికి ఆఫ్రికాలో, మాలీ దేశంలో జెన్నే అనే ఊరివాళ్ళు ఒక దారి వేశారు. ఆ ఊళ్ళో పెద్ద మసీదు వుంది, అంతా మట్టి ఇటుకలే. ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది. ఒక్క వానాకాలం గట్టిగా కురిస్తే పైపూత కరిగిపోతుంది. అందుకని ఏటా వానలకి ముందు ఒకరోజు ఊరంతా కదులుతుంది. ఆడవాళ్ళు నీళ్ళు మోస్తారు, మగవాళ్ళు నిచ్చెనలెక్కి చేతులతో గోడలకి మట్టి మెత్తుతారు. గోడల్లోంచి ముళ్ళలా బయటికి పొడుచుకొచ్చిన తాటిదూలాలు అందానికే కాదు, అవే పరంజా! అంటే కట్టినవాళ్ళు కట్టేనాడే, దీన్ని మళ్ళీమళ్ళీ ఎక్కి బాగుచెయ్యాలి సుమా అని ఒప్పుకుని కట్టారు. అది వాళ్ళకి పండగ, చాకిరీ కాదు.

మనకీ అలాంటి పండగ వుండేది. దాని ముగ్గులూ, గొబ్బెమ్మలూ, పిండివంటలూ వుంచుకుని వెల్ల ఒక్కటే వదిలేశాం. ఇప్పుడు ఊరంతా వచ్చి మన గోడ మెత్తాలని నేననడం లేదు. బాగుచెయ్యడం డబ్బున్నప్పటి మాట. చూడటానికీ, చూసింది చెప్పడానికీ డబ్బక్కర్లేదు. "ఈ గోడ కింద నడవకండి" అని ఒక తాడు కట్టడానికీ, పెద్దాయనకి తోడుగా మేస్త్రిని పిలుచుకురావడానికీ డబ్బక్కర్లేదు. మొదటి ధర్మం చూడటం. రెండోది చెప్పడం. చెబితే వినడం మూడోది, అన్నిటికన్నా కష్టమైనదీ అదే. ఈ మూడూ జరిగినచోట నాలుగోది, అంటే బాగుచెయ్యడం, ఆలస్యంగానైనా జరుగుతుంది. జరగనిచోట ఎంత డబ్బున్నా వీధిముఖానికే రంగు పడుతుంది.

వచ్చే ఆదివారం కాఫీ తాగాక, ఓ పెన్సిలు జేబులో పెట్టుకుని పక్కింటి గేటు తట్టండి. మాటలు లేకపోతే మరీ మంచిది, మొదలుపెట్టడానికి ఇంతకన్నా గౌరవమైన సాకు దొరకదు. "మా గోడ చూసుకోవాలండీ" అంటే కాదనేవాళ్ళు తక్కువ. మహా అయితే మల్లెపందిరి జాగ్రత్త అంటారు. చూసి వచ్చేటప్పుడు వాళ్ళని కూడా మీ దొడ్లోకి ఓసారి రమ్మనండి.

ఎందుకంటే వాళ్ళ వెనకగోడ బాగా కనిపించేది మీ ఇంట్లోంచే.